ఆగస్ట్ విల్సన్ నాటకాల్లో పిట్స్‌బర్గ్: పతన పునర్నిర్మాణాల కాలక్రమం

వ్యాససంగ్రహం

అమెరికాలోని పిట్స్‌బర్గ్ నగర చరిత్రను ఉక్కు వైభవం, 1980లలో ఆ పరిశ్రమ పతనం, ఆ తరువాత వైద్య, విద్య, సాంకేతిక రంగాల మీద జరిగిన పునరుద్ధరణ అనే మూడు దశల కథగా చెప్పడం పరిపాటి. అదే నగరంలోని హిల్ డిస్ట్రిక్ట్ అనే నల్లజాతి వాడలో పుట్టిన నాటకకర్త ఆగస్ట్ విల్సన్ రాసిన పది నాటకాల పరంపర ఈ వరుసను అంగీకరించదు. ఆ వాడకు పునర్నిర్మాణమే ముందు వచ్చింది. క్షీణత దాని వెంట నడిచింది. 'టూ ట్రెయిన్స్ రన్నింగ్', 'జిట్నీ', 'రేడియో గోల్ఫ్' నాటకాలు ప్రధాన ఆధారాలుగా, మిగిలినవాటిని అవసరమైనచోట స్పృశిస్తూ, నగర చరిత్రకూ నాటక చరిత్రకూ మధ్య ఉన్న ఈ వైరుధ్యాన్ని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: ఆగస్ట్ విల్సన్, పిట్స్‌బర్గ్, హిల్ డిస్ట్రిక్ట్, నగర పునర్నిర్మాణం, నిర్వాసితులు, ఆఫ్రికన్ అమెరికన్ నాటకం.

1. నగరం చెప్పుకునే కథ

తెలుగువారిలో చాలామందికి పిట్స్‌బర్గ్ అనగానే ముందు గుర్తుకువచ్చేది ఉక్కు కాదు, 1976లో అక్కడ వెలసిన శ్రీ వేంకటేశ్వరాలయం. అయితే ఆ నగరానికి ప్రపంచంలో పేరు తెచ్చింది ఉక్కే. అలెగెనీ, మొనాంగహేలా నదులు కలిసి ఒహాయో నదిగా మారే చోట, బొగ్గు గనులకు దగ్గరగా వెలసిన ఆ పట్టణాన్ని ఆండ్రూ కార్నెగీ వంటివారు పంతొమ్మిదో శతాబ్దం చివరికి ఉక్కు రాజధానిగా మార్చారు. 1892లో హోమ్‌స్టెడ్ మిల్లులో జరిగిన సమ్మె, దానిని అణచిన తీరు అమెరికా కార్మిక చరిత్రలో ఒక ముఖ్య ఘట్టం. 1940ల నాటికి పొగ ఎంత దట్టంగా ఉండేదంటే, మధ్యాహ్నం వేళ కూడా వీధి దీపాలు వెలిగించవలసి వచ్చేది.

పొగను అదుపు చేసే చట్టం 1941లో వచ్చినా, యుద్ధం కారణంగా దాని అమలు ఆలస్యమైంది. 1946లో మేయరైన డేవిడ్ లారెన్స్ డెమొక్రాట్. నగర పెట్టుబడిదారుల్లో అగ్రగణ్యుడైన రిచర్డ్ కింగ్ మెలన్ రిపబ్లికన్. ఈ ఇద్దరి పొత్తులో గాలి శుభ్రపడింది. నదులు కలిసే చోట ఉన్న గిడ్డంగులు, రైలు యార్డులు తొలగిపోయి ఆకాశహర్మ్యాలు, ఉద్యానవనం వచ్చాయి. ఈ కార్యక్రమానికి వారు పెట్టుకున్న పేరు 'రినైజాన్స్'. 1970ల చివర మేయర్ రిచర్డ్ కాలిగిరి హయాంలో 'రెండో రినైజాన్స్' వచ్చింది. తెలుగు విమర్శలో పునరుజ్జీవనం అనేది ఇటలీ చిత్రకళకూ, కందుకూరి యుగానికీ వాడే గౌరవనీయమైన మాట. ఒక మునిసిపల్ కార్యక్రమం ఆ పేరు పెట్టుకోవడంలో ఉన్న ఆత్మవిశ్వాసం గమనించదగినది.

ఆ తరువాతి కథ అందరికీ తెలిసినదే. 1980లలో పిట్స్‌బర్గ్ ప్రాంతం లక్షకు పైగా పారిశ్రామిక ఉద్యోగాలను కోల్పోయింది. హోమ్‌స్టెడ్ మిల్లు 1986లో మూతపడింది. 1950లో 6,76,806గా ఉన్న నగర జనాభా 2020 నాటికి 3,02,971కి తగ్గింది. మరోవైపు విశ్వవిద్యాలయాలు, ఆసుపత్రులు, రోబోటిక్స్ పరిశోధన నగరాన్ని నిలబెట్టాయి. హోమ్‌స్టెడ్ మిల్లు స్థలంలో షాపింగ్ కేంద్రం వెలసింది. యు.ఎస్. స్టీల్ కంపెనీ పేరు మీద కట్టిన ఆకాశహర్మ్యం నెత్తిన ఇప్పుడు ఒక వైద్య సంస్థ పేరు మెరుస్తుంది. 2009 సెప్టెంబరులో జి-20 సమావేశానికి ఈ నగరాన్ని ఎంపిక చేసినప్పుడు, పాత పరిశ్రమ నుంచి కొత్త ఆర్థిక వ్యవస్థకు మారిన ఆదర్శ నగరంగా ప్రపంచానికి చూపించారు. కథగా చూస్తే దీనికి మంచి నిర్మాణం ఉంది: ఆరోహణ, అవరోహణ, మళ్ళీ ఆరోహణ. ఈ నిర్మాణంలో ఇమడని వాడ ఒకటుంది.

2. హిల్ డిస్ట్రిక్ట్: కాలక్రమం తలకిందులైన వాడ

నగర కేంద్రానికి ఆనుకొని ఉన్న గుట్టమీది వాడ హిల్ డిస్ట్రిక్ట్. ఇటాలియన్లు, యూదులు, సిరియన్లు నివసించిన ఈ వాడకు దక్షిణాది రాష్ట్రాల నుంచి వలస వచ్చిన నల్లజాతివారు క్రమంగా చేరి ప్రధాన జనాభా అయ్యారు. 'పిట్స్‌బర్గ్ కొరియర్' వంటి జాతీయ స్థాయి నల్లజాతి పత్రిక, జాజ్ సంగీతానికి పేరుపొందిన వైలీ అవెన్యూ, పిట్స్‌బర్గ్ క్రాఫర్డ్స్ అనే బేస్‌బాల్ జట్టు ఈ వాడ సంపద. ఇళ్ళు పాతబడినవి, ఇరుకైనవి. ఆ మాటలో అబద్ధం లేదు. అయితే ఇళ్ళు పాతబడడం వేరు, వాడ చచ్చిపోవడం వేరు.

1949 నాటి గృహనిర్మాణ చట్టం మురికివాడల తొలగింపునకు కేంద్ర నిధులు సమకూర్చింది. 1954లో సుప్రీంకోర్టు బెర్మన్ వర్సెస్ పార్కర్ తీర్పులో, పాడైన ప్రాంతంగా ప్రకటించిన చోట ప్రైవేటు ఆస్తిని పునర్నిర్మాణం కోసం స్వాధీనం చేసుకోవడం రాజ్యాంగబద్ధమేనని చెప్పింది. 1956లో లోయర్ హిల్‌లో కూల్చివేత మొదలైంది. 95 ఎకరాలు ఖాళీ అయ్యాయి. 8,000 మందికి పైగా నిర్వాసితులయ్యారు; 400కు పైగా వ్యాపారాలు పోయాయి. ఆ స్థలంలో 1961లో సివిక్ అరీనా తెరుచుకుంది. తెరుచుకుని మూసుకునే దాని గుమ్మటం స్టెయిన్‌లెస్ స్టీలుతో కట్టినది. నగరం తన ఉక్కు నైపుణ్యాన్ని ప్రదర్శించుకున్న చోటు ఒక వాడ శిథిలాల మీద కావడం యాదృచ్ఛికమే కావచ్చు గానీ, విమర్శకుడు దాటిపోగల విషయం కాదు. అనుకున్న సాంస్కృతిక సముదాయంలో మిగిలిన భాగాలు రాలేదు. అరీనా చుట్టూ ఎక్కువగా వాహనాలు నిలిపే స్థలమే మిగిలింది. 1960లలో వాడ ప్రజలు క్రాఫర్డ్ వీధి దగ్గర పెద్ద బోర్డు పెట్టి, ఇక్కడ నుంచి పైకి పునర్నిర్మాణం రాకూడదని నగర పాలకులకు హద్దు గీశారు. ఆ కూడలినే ఇప్పుడు ఫ్రీడమ్ కార్నర్ అంటారు.

కాలక్రమాన్ని ఇక్కడ జాగ్రత్తగా చూడాలి. ఈ కూల్చివేత ఉక్కు పరిశ్రమ బలంగా ఉన్న రోజుల్లో, మొదటి రినైజాన్స్ ఉత్సాహంలో జరిగింది. మిల్లులు మూతపడడానికి ఇంకా మూడు దశాబ్దాల వ్యవధి ఉంది. కాబట్టి హిల్ క్షీణతకు పరిశ్రమ పతనాన్ని కారణంగా చూపడం చరిత్రకు విరుద్ధం. నగరానికి పతనం నుంచి పునరుద్ధరణ. వాడకు పునరుద్ధరణ నుంచి పతనం. విల్సన్ నాటకాలను ఉక్కు పతనానికి సాక్ష్యాలుగా చదివే ధోరణి ఈ తేడాను విస్మరిస్తుంది.

3. విల్సన్ పరంపరలో మిల్లు స్థానం

ఆగస్ట్ విల్సన్ 1945 ఏప్రిల్ 27న హిల్ డిస్ట్రిక్ట్‌లో, బెడ్‌ఫర్డ్ అవెన్యూలోని ఇంట్లో పుట్టాడు. నెపోలియన్ మీద రాసిన వ్యాసం అతని సొంతం కాదని ఉపాధ్యాయుడు అనుమానించడంతో పదిహేనేళ్ళ వయసులో బడి మానేసి, కార్నెగీ గ్రంథాలయంలో తనకు తానే చదువుకున్నాడు. ఉక్కు సంపద అతనికి చేరింది ఆ పుస్తకాల రూపంలోనే అనవచ్చు. 1978లో అతడు మినెసోటాలోని సెయింట్ పాల్‌కు వెళ్ళిపోయాడు. 2005 అక్టోబరు 2న సియాటిల్‌లో మరణించాడు. అంటే పిట్స్‌బర్గ్ నాటకాలను అతడు చాలావరకు ఆ ఊరికి దూరంగా ఉండి రాశాడు. ఇరవయ్యో శతాబ్దంలోని ప్రతి దశకానికీ ఒకటి చొప్పున పది నాటకాలు. 1920ల కథ అయిన 'మా రెయినీస్ బ్లాక్ బాటమ్' చికాగోలో జరుగుతుంది, మిగిలిన తొమ్మిది పిట్స్‌బర్గ్‌వి. వీటిలో 'ఫెన్సెస్' (1987), 'ది పియానో లెసన్' (1990) పులిట్జర్ బహుమతి పొందాయి.

ఉక్కు నగరం మీద తొమ్మిది నాటకాలు రాసిన రచయిత ఒక్క నాటకాన్నైనా మిల్లు లోపల నడపలేదు. ఇది విస్మృతి కాదు. 1904లో జరిగే 'జెమ్ ఆఫ్ ది ఓషన్'లో మిల్లు ఉంది, వేదిక వెలుపల ఉంది. మేకుల బకెట్ దొంగిలించాడన్న నింద పడిన కార్మికుడు, చేయని నేరం ఒప్పుకోవడం కంటే నదిలో మునిగి చావడమే మేలనుకుంటాడు. నాటకం ముగిసేలోగా మిల్లు తగలబడుతుంది. 1969 నాటి 'టూ ట్రెయిన్స్ రన్నింగ్'లో జైలు నుంచి వచ్చిన స్టెర్లింగ్ ఉక్కు మిల్లులో పని అడగడానికి పోతే, ముందు యూనియన్‌లో చేరి రమ్మంటారు. యూనియన్‌కు పోతే ముందు పనిలో చేరి రమ్మంటారు. 'జిట్నీ'లో బెకర్ మిల్లులో పని చేసి విశ్రాంతి తీసుకున్నవాడు. మళ్ళీ ఆ మిల్లుకు పోయినరోజే ప్రమాదంలో మరణిస్తాడు. దొంగ నింద, మూసిన తలుపు, చావు: ఈ పరంపరలో మిల్లు ఇచ్చేవి ఇవి.

పరిశ్రమ పతనం మీద వచ్చిన అమెరికన్ రచనల్లో పాత మిల్లు రోజుల పట్ల బెంగ ఒక స్థాయీభావంలా కనిపిస్తుంది. తండ్రి పనిచేసిన చోట కొడుకు పనిచేయడం, యూనియన్ ఇచ్చిన భద్రత, శుక్రవారం జీతం. విల్సన్ పాత్రలకు ఆ బెంగ పడే అర్హత కూడా దక్కలేదు. పోయినదానికి విలపించాలంటే ముందు అది తమది అయి ఉండాలి కదా. అందుకే 1985లో, అంటే మిల్లులు వరసగా మూతపడుతున్న సంవత్సరంలో జరిగే 'కింగ్ హెడ్లీ ది సెకండ్'లో పెద్ద విషాదం అత్త ఎస్టర్ మరణం. ఆమె వయసు 366 ఏళ్ళు. లెక్క వేస్తే పుట్టుక 1619కి చేరుతుంది, వర్జీనియా తీరానికి మొదటి ఆఫ్రికన్లను తెచ్చిన సంవత్సరం అది. నగరం ఉక్కు పోయిందని ఏడుస్తున్న ఏడాది, వాడ తన జ్ఞాపకశక్తి పోయిందని ఏడ్చింది.

4. పరిహారం, న్యాయం: 'టూ ట్రెయిన్స్ రన్నింగ్'

మెంఫిస్ లీ నడిపే చిన్న హోటల్‌ను నగర పాలక సంస్థ కూల్చబోతోంది. వీధిలో చాలా అంగళ్ళు అప్పటికే పోయాయి. అతడు కూల్చివేతను ఆపాలనుకోడు. తన ధర తనకు రావాలంటాడు. 25,000 డాలర్లకు ఒక్క డాలరు తగ్గినా ఒప్పుకోడు. అతని పట్టుదలకు పాత కారణం ఉంది: మిసిసిపీలో తన భూమి నుంచి తెల్లవారు అతన్ని తరిమేశారు. ఒకసారి భూమి పోగొట్టుకున్నవాడికి రెండోసారి పత్రం మీద రాసిన ప్రతి మాటా ముఖ్యమే.

అదే హోటల్‌కు హ్యాంబోన్ వస్తుంటాడు. మాంసం అంగడి యజమాని లట్జ్‌కు కంచె రంగు వేసిన అతనికి ఒక హ్యామ్ ఇస్తానన్న మాట ఉంది. లట్జ్ కోడిని తీసుకొమ్మన్నాడు. హ్యాంబోన్ తీసుకోలేదు. తొమ్మిదిన్నర ఏళ్ళుగా రోజూ ఉదయం ఆ అంగడి ముందు నిలబడి తన హ్యామ్ అడుగుతూనే ఉన్నాడు. అతని నోట ఆ కోరిక తప్ప వేరే మాట దాదాపు రాదు. విమర్శకులు తరచూ ఇతన్ని బానిసత్వానికి రావలసిన బాకీకి ప్రతీకగా చదువుతారు. ఆ పఠనం సరైనదే, కానీ నాటక నిర్మాణంలో అతని స్థానం మెంఫిస్ పక్కన. ఇద్దరూ అడుగుతున్నది తమకు రావలసినదే. ఒకరికి అడిగినదానికంటే ఎక్కువ వస్తుంది: నగరం చివరికి 35,000 డాలర్లు ఇస్తుంది. రెండోవాడు ఏమీ రాకుండానే చనిపోతాడు.

ఈ 35,000 డాలర్లు విల్సన్ చేసిన సూక్ష్మమైన నిర్ణయం. నిర్వాసితుల కథల్లో పరిహారం చాలకపోవడం సాధారణ వస్తువు. పాఠకుడు దానికి సిద్ధపడి ఉంటాడు. ఇక్కడ పరిహారం ఎక్కువే వచ్చింది. అయినా హోటల్ పోతుంది. అక్కడ కాఫీ తాగుతూ వాదులాడుకున్న మనుషులు చెదిరిపోతారు. వాడలో ఆ కూడలి ఉండదు. ధర సరిగా ముట్టినా నష్టం పూడదని చెప్పడానికి ధరను పెంచి చూపడమే సరైన పరీక్ష. నాటకం అక్కడితో ఆగితే మెంఫిస్ విజయంగా ముగిసేది. ఆఖరి క్షణంలో స్టెర్లింగ్ లట్జ్ అంగడి అద్దం పగలగొట్టి, నెత్తురోడుతున్న చేతులతో హ్యామ్ పట్టుకుని వస్తాడు, హ్యాంబోన్ శవపేటికలో పెట్టడానికి. చట్టం ఇచ్చిన డబ్బు ఒక చేతిలో, చట్టం నేరమనే న్యాయం ఇంకొక చేతిలో పెట్టి విల్సన్ తెర దించాడు. ఈ పరంపరలో ఇంతకంటే బిగువైన ముగింపు మరొకటి లేదు.

5. 'జిట్నీ', పెన్ హిల్స్

'జిట్నీ' 1979లో రాసిన నాటకం. 1982లో పిట్స్‌బర్గ్‌లోనే మొదట ప్రదర్శించారు. 1996లో విల్సన్ దీన్ని విస్తరించి తిరగరాశాడు. లైసెన్సు ఉన్న టాక్సీలు హిల్‌కు రావు కాబట్టి, వాడవాళ్ళే సొంత కార్లతో నడుపుకునే అనధికార టాక్సీ కేంద్రం ఇందులో రంగస్థలం. కథాకాలం 1977. ఈ భవనాన్ని కూడా నగరం మూసేయబోతోంది. యజమాని బెకర్ మొదట విషయం దాచి, తరువాత అందరినీ కూడగట్టి కదలకూడదని నిర్ణయిస్తాడు. మెంఫిస్‌కూ ఇతనికీ తేడా ఇదే: మెంఫిస్ ధర అడిగాడు, బెకర్ చోటు అడిగాడు. పోరాటం మొదలుకాకముందే బెకర్ చనిపోతాడు. ఇరవై ఏళ్ళ జైలు తరువాత వచ్చి, తండ్రి క్షమ పొందలేకపోయిన కొడుకు బూస్టర్ చివరలో మోగుతున్న ఫోను ఎత్తుతాడు. భవనం నిలుస్తుందో లేదో నాటకం చెప్పదు. వారసత్వంగా అందింది ఆస్తి కాదు, ఆ ఫోను పిలుపుకు బదులివ్వవలసిన బాధ్యత.

ఇందులో వియత్నాం యుద్ధం నుంచి తిరిగివచ్చిన యంగ్‌బ్లడ్ రహస్యంగా డబ్బు కూడబెట్టి, రీనా కోసం ఇల్లు కొంటాడు. ఆ ఇల్లు హిల్‌లో కాదు, శివారు ప్రాంతమైన పెన్ హిల్స్‌లో. యువకుల భవిష్యత్తు వాడకు వెలుపలే కనిపిస్తున్నదన్న సూచన ఇది. వ్యాసం మొదట్లో ప్రస్తావించిన వేంకటేశ్వరాలయం వెలసింది కూడా ఈ పెన్ హిల్స్‌లోనే, నాటక కాలానికి ఏడాది ముందు. తిరుమల తిరుపతి దేవస్థానం సహకారంతో తిరుమల ఆలయాన్ని తలపించేలా కట్టిన ఆ గుడి, 1965 నాటి వలస చట్టం తరువాత అమెరికా చేరిన వైద్యులు, ఇంజనీర్ల తరానికి చెందినది. నగరం ఉక్కు నుంచి ఆసుపత్రులకు, ప్రయోగశాలలకు మళ్ళుతున్న కాలంలో ఆ మళ్ళింపుతో వచ్చినవారు, హిల్ నుంచి బయటపడదలచినవారు ఒకే శివారులో ఇల్లు వెతుక్కున్నారు. ఇద్దరి దారులూ ఒకటి కావు. అయినా అమెరికా తెలుగు జీవితాన్ని అధ్యయనం చేసేవారు పిట్స్‌బర్గ్ గుడి చరిత్రను ఈ నగర చరిత్ర నుంచి విడదీసి చదవడం అసంపూర్ణమవుతుంది.

6. తెగులు: 'రేడియో గోల్ఫ్'

పరంపరలో చివరిది 'రేడియో గోల్ఫ్' (2005). కథాకాలం 1997. ఈసారి కూల్చేది తెల్లవారి నగర పాలన కాదు. నల్లజాతి స్థిరాస్తి వ్యాపారి, మేయర్ అభ్యర్థి హార్మండ్ విల్క్స్, అతని భాగస్వామి రూజ్వెల్ట్ హిక్స్. అపార్ట్‌మెంట్లు, స్టార్‌బక్స్, హోల్ ఫుడ్స్, బార్న్స్ అండ్ నోబుల్ తెచ్చి హిల్‌ను బాగుచేయడం వారి పథకం. కేంద్ర నిధులు రావాలంటే వాడను 'బ్లైట్' ప్రాంతంగా ప్రకటించాలి. ఆ ప్రకటన ఖాయమైందన్న వార్తకు ఇద్దరూ సంబరపడతారు. తమ వాడ చచ్చిపోయిందన్న ధ్రువీకరణ పత్రానికి ఆ వాడ బిడ్డలే సంబరపడడంలోని వ్యంగ్యాన్ని విల్సన్ ఎక్కడా విప్పి చెప్పడు. బ్లైట్ అనే మాటను పట్టణ ప్రణాళికా శాస్త్రం పంటల వ్యాధుల నుంచి అరువు తెచ్చుకుంది. 'శిథిల ప్రాంతం' అని అనువదిస్తే అందులో సగమే వస్తుంది. 'తెగులు' అన్నప్పుడు, పక్క చేలకు పాకకముందే పీకి తగలబెట్టాలన్న ఆ మాట లోపలి ఆజ్ఞ కూడా వినబడుతుంది.

కూల్చవలసిన ఇళ్ళలో వైలీ అవెన్యూ 1839వ నంబరు ఇల్లు ఒకటి. అది అత్త ఎస్టర్ ఇల్లు. దాని వారసుడు ఓల్డ్ జో తన ఇంటికి రంగు వేయిస్తుంటాడు. ఇంటిని చట్టవిరుద్ధంగా దక్కించుకున్నారని విల్క్స్ తెలుసుకుంటాడు. ఆ ఇల్లు తన సొంత కుటుంబ చరిత్రలో భాగమని కూడా తెలుసుకుంటాడు. 1969లో మిల్లుకూ యూనియన్‌కూ మధ్య తిరిగిన స్టెర్లింగ్ ఇక్కడ చిన్న కాంట్రాక్టరుగా కనిపించి, తనకు తానే యూనియన్‌నంటాడు. ముప్పై ఏళ్ళ నగర చరిత్రను ఈ ఒక్క పాత్ర మోస్తుంది.

అయితే కళాపరంగా ఇది పరంపరలో బలహీనమైన నాటకమే. రూజ్వెల్ట్ హిక్స్ వాదానికి విల్సన్ తగిన బలం ఇవ్వలేదు. మెలన్ బ్యాంకులో ఉపాధ్యక్షుడైన ఆ పాత్ర, యాభై ఏళ్ళు పెట్టుబడి రాని వాడకు ఏ షరతుమీదైనా పెట్టుబడి కావాలని అడగగలిగేది. ఆ ప్రశ్న నిజమైనది. కిరాణా అంగడి లేని వాడలో బతికేవాళ్ళు దాన్ని తేలిగ్గా తీసుకోలేరు. విల్సన్ అతన్ని ముందునుంచే అమ్ముడుపోయినవాడిగా చిత్రించడంతో, విల్క్స్ ఆఖరున రంగు కుంచె పట్టుకుని నిరసనకారుల వైపు నడవడం నైతికంగా సుందరంగా ఉంటుంది గానీ, 'టూ ట్రెయిన్స్'లోని నెత్తురు దానిలో లేదు. అక్కడ ఎంపికకు మూల్యం ఉంది, ఇక్కడ ఎంపిక ముందే తేలిపోయింది. పురుషుల మాటలే నాటకాన్ని నడిపించడం, విల్క్స్ భార్య మేమ్ హేతువాదం ఎదురుదెబ్బగా మిగిలిపోవడం కూడా ఈ లోపంలో భాగమే.

7. రచయిత పేరిట పునరుద్ధరణ

విల్సన్ మరణించాక అతని పేరే నగర పునరుద్ధరణలో పెట్టుబడి అయింది. ఆగస్ట్ విల్సన్ పేర ఆఫ్రికన్ అమెరికన్ సాంస్కృతిక కేంద్రం 2009లో తెరుచుకుంది, హిల్‌లో కాదు, నగర వాణిజ్య కేంద్రంలో. కొన్నేళ్ళకే అప్పుల్లో కూరుకుపోయి వేలం అంచుదాకా వెళ్ళింది; దాతృత్వ సంస్థలు దాన్ని నిలబెట్టాయి. అతని రచనా పత్రాలను పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయం 2020లో సేకరించింది. బెడ్‌ఫర్డ్ అవెన్యూలో పాడుబడిన అతని పుట్టిన ఇంటిని బాగుచేసి 2022లో కళాకేంద్రంగా తెరిచారు. ఆ ఇల్లు ఉన్నది హిల్‌లోనే, దాన్ని కూల్చలేదు, పక్కకు జరపలేదు. 'రేడియో గోల్ఫ్'లో 1839 నంబరు ఇంటికి దక్కాలని ఓల్డ్ జో కోరినది ఇదే.

సివిక్ అరీనాను 2011, 2012లలో కూల్చివేశారు. ఉక్కు గుమ్మటం వాడకంటే యాభై ఏళ్ళే ఎక్కువ బతికింది. విల్సన్ నాటకంలో హోల్ ఫుడ్స్ రావాలనుకున్న వాడలో, దశాబ్దాల తరువాత 2013లో సెంటర్ అవెన్యూ మీద ఒక పూర్తిస్థాయి కిరాణా సూపర్‌మార్కెట్ తెరుచుకుంది. 2019లో అది మూతపడింది.